నూనె నిప్పు చూడని ఇల్లు

కోవిల్‌పట్టిలో ఆ వీధివాళ్ళకు పక్కింట్లో ఏం కూరో అడిగే పని లేదు. ఇళ్ళన్నీ గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఒకరి పొయ్యి మీద ఆవాలు చిటపటమంటే మూడో ఇంట్లో తుమ్ములు మొదలవుతాయి. అలాంటి వీధిలో ఒక్క ఇంటి నుంచి మాత్రం శివరాత్రి వచ్చే మాసి నెల దాటాక తాలింపు చప్పుడు రాలేదు. గ్యాస్ వెలిగేది, కుక్కర్ కూసేది, అన్నం వాసన బయటికి వచ్చేది. ఆవాల చప్పుడు మాత్రం లేదు. అది యువరాణి ఇల్లు.

పేరుకే యువరాణి. పని చేసేది పల్లీ మిఠాయి చేసే షెడ్డులో. పొద్దున వెళ్ళి, పాకం ఆరకముందే పలకలు కోసి, కవర్లలో పెట్టి, సాయంత్రానికి ఒళ్ళంతా బెల్లం వాసనతో ఇంటికి వస్తుంది. పుట్టింది విరుదునగర్‌లో, నూనె గానుగల సందులో. తండ్రి గానుగ దగ్గర పనివాడు. చిన్నప్పుడు ఆయనకు అన్నం క్యారియర్ తీసుకువెళ్తే, అప్పుడే దిగిన నువ్వుల నూనె ఒక చుక్క అన్నం మీద పోసి, ఉప్పు చల్లి, ఒక ముద్ద కూతురి నోట్లో పెట్టేవాడు. "పచ్చి నూనెకు వాసన ఉంటాది, కాగిన నూనెకు నోరు ఉంటాది" అనేవాడాయన. బళ్ళో తమిళం, బజారులో తమిళం, ఇంటి గడప దాటి లోపలికి వస్తే తెలుగు. యువరాణికి ఇప్పటికీ తెలుగు అంటే తండ్రి చేతి ముద్దే గుర్తొస్తుంది.

పెళ్ళయి కోవిల్‌పట్టికి వచ్చింది. భర్త కుమారవేల్ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో మిషన్ నడిపేవాడు. అతనికి ఒక అలవాటు ఉండేది. సాయంత్రం బైక్ వీధి మొదట్లోనే ఆపి, తోసుకుంటూ వచ్చేవాడు. ఎందుకంటే బైక్ చప్పుడుకు తాలింపు చప్పుడు వినపడదు. మెట్టు దగ్గర నిలబడి, ఆవాలు చిట్లుతున్నది విని, లోపలికి కేక వేసేవాడు.

"ఏమ్మా, ఏంది తాలింపు?"

లోపల నుంచి అతని తల్లి గోవిందమ్మాళ్ ఒక్కటే జవాబు చెప్పేది. "నీ తలకాయ తాలింపు! కాళ్ళు కడుక్కోని రా."

రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. వంట కోడలు చేసినా సరే, తాలింపు మాత్రం అత్తే పెట్టేది. కొడుకు వచ్చే వేళకు అట్లకాడ అందుకునేది. అత్తలేని కోడలు ఉత్తమురాలని సామెత ఉంది గదా, యువరాణి మొదట్లో ఆ సామెతను మనసులో చాలాసార్లే చదువుకుంది. తన వంటకు చివర్లో ఆవిడ చెయ్యి పెట్టి పేరు కొట్టేస్తుందని ఉడుక్కునేది. పోనుపోను ఆ కేకా, ఆ జవాబూ వినకపోతే ఆమెకే పొద్దు గూకినట్టు ఉండేది కాదు.

మాసి నెలలో ఒక పొద్దున కుమారవేల్ తూత్తుకుడి బైపాస్‌లో బైక్ మీద పోతూ పోతూ పోయాడు. అంతకంటే ఎక్కువ చెప్పడం యువరాణికి ఇప్పటికీ చేతకాదు.

వాళ్ళలో చావు జరిగిన ఇంట్లో పదహారో రోజు దాకా తాలింపు పెట్టరు. ఉడకబెట్టుకోవచ్చు, కాల్చుకోవచ్చు. నూనె మాత్రం నిప్పు చూడకూడదు. పదహారో రోజున ఆడదాని పుట్టింటివాళ్ళు నూనె, చట్టి తెచ్చి పొయ్యి మీద పెడతారు. చట్టిలో నూనె కాగి, ఆవాలు చిట్లితే మైల పోయినట్టు. ఆ ఇంటివాళ్ళు మళ్ళీ బతికేవాళ్ళలో కలిసినట్టు.

యువరాణి అన్న రంగరాజన్ విరుదునగర్ నుంచి డబ్బాడు నువ్వుల నూనె, కొత్త ఇనుప చట్టి తెచ్చాడు. చుట్టాలంతా చూస్తుండగా చట్టి పొయ్యి మీద పెట్టి నూనె పోశాడు. నూనె కాగకముందే గోవిందమ్మాళ్ లేచి వచ్చింది. పొయ్యి ఆర్పింది. చట్టి దింపి, నూనె తిరిగి డబ్బాలో వంచింది.

"వాడు వినని చప్పుడు నాకేలప్పా? ఈ ఇంట్లో వొద్దు."

 బిడ్డ పోయిన తల్లితో ఎవరు వాదిస్తారు? నాలుగు రోజులు పోతే ఆవిడే పెట్టుకుంటుందిలే అనుకుని చుట్టాలు బస్సులెక్కారు. గోవిందమ్మాళ్ ఆ చట్టిని అటక మీద బోర్లించింది. చిత్తిరై వచ్చింది, వైకాసి వచ్చింది. చట్టి బోర్లించినట్టే ఉంది.

చట్టి సంగతి అలా ఉంచండి. మనిషి తినడం మానేసింది, అదీ అసలు సంగతి. పళ్ళెం ముందు కూర్చుంటుంది, రెండు ముద్దలు మింగుతుంది, "చాల్లే పాపా" అని చెయ్యి కడుక్కుంటుంది. కోపం లేదు, ఏడుపు లేదు. రవిక చేతులు వదులయ్యాయి. గాజులు మోచేతి దాకా జారసాగాయి. యువరాణి బలవంతాన ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోతే, జబ్బేమీ లేదని చెప్పారు. తిండి పడకపోతే మాత్రం ఈ ఒళ్ళు చలికాలం దాటడం కష్టమని నర్సు యువరాణిని పక్కకు పిలిచి చెప్పింది. ఆకలి రుచెరగదంటారు. ఆకలే లేని మనిషి సంగతి ఏ సామెతా చెప్పలేదు.

రంగరాజన్ వచ్చిన ప్రతిసారీ చెల్లెలితో అదే మాట. "ఎన్నాళ్ళు ఈడనే ఉంటావు? ఊర్లో పప్పు మిల్లులో పని చూసి పెట్టినాను. వచ్చెయ్."

"నేను వస్తే ఆమెకు ఎవురు పెట్టేదన్నా?"

"పెడితే మాత్రం తింటా ఉండాదా?"

ఆ మాట యువరాణికి పుండు మీద కారం చల్లినట్టయింది, ఎందుకంటే అది నిజం. తాలింపు లేని కూర ఆమెకే నోట పెట్టబుద్ధి కావడం లేదు. ఉప్పేసి ఉడకబెట్టిన బీరకాయ ముక్కలు పళ్ళెంలో పెట్టి, అత్త తినడం లేదని బాధపడితే ఏం లాభం? ఆ సాయంత్రం అన్నను బస్సెక్కించి వచ్చి, వంటింట్లో కూర్చుని అతను తెచ్చిన నూనె డబ్బా వైపు చూసింది. మూత తీసింది. నాన్న అన్నం మీద పోసిన చుక్క వాసన గుప్పున వచ్చింది. నూనె నిప్పు చూడకూడదు, సరే. నూనె అన్నాన్ని చూడకూడదని ఎవరన్నారు?

అలా మొదలైంది. ఎండలకాలం గనుక మార్కెట్‌లో పచ్చి మామిడికాయలు, లేత దోసకాయలు కుప్పలు. మామిడికాయ తురిమి, సాంబారు ఉల్లిపాయలు రోట్లో కచ్చాపచ్చాగా దంచి, ఉప్పు, పచ్చిమిరపకాయ కలిపి, పైన పచ్చి నూనె తిప్పి పోసింది. దాన్ని దోసకాయ ముక్కల మీద వేసి సజ్జ సంగటి పక్కన పెట్టింది. గోవిందమ్మాళ్ రెండు ముద్దలు తింది. మూడో ముద్దకు చెయ్యి పళ్ళెం దాకా వెళ్ళి ఆగింది. ఆ ఆగడమే యువరాణికి పండగ.

ఇంకోసారి ఆవ పెట్టింది. ఆవాలు చిట్లకూడదు గాని నూరకూడదని లేదు గదా. తెలిసీ తెలియక గుప్పెడు నూరి, పెరుగులో కలిపి, ఉడికిన పొట్లకాయ మీద పోసింది. మొదటి ముద్దకే అత్తకు ముక్కు నుంచి నడినెత్తికి ఘాటు ఎక్కింది. వరసగా తుమ్మి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "నన్ను కూడా వాడి దగ్గిరికే పంపిస్తావా ఏమే?" అంది. అంత పెద్ద మాట ఆవిడ నోట విని చాలా రోజులైంది. యువరాణికి నవ్వాలో ఏడవాలో తెలియక మజ్జిగ గ్లాసు అందించింది.

ఆషాఢం నాటి ఆడి నెలలో ఆ ఊళ్ళో గాలి తప్ప ఇంకేమీ పండదు. ఆకుకూర తెచ్చేలోపే వాడిపోతుంది. గోరుచిక్కుళ్ళు, పాత గుమ్మడికాయ, అంతే. అప్పుడు పని చేసే షెడ్డే ఆదుకుంది. పలకలు కోసినప్పుడు రాలిన వేయించిన పల్లీల నూక పనివాళ్ళను ఇంటికి పట్టుకుపొమ్మంటారు. ఆ నూకలో ఎండుమిరపకాయ మంట మీద చుట్ట కాల్చినట్టు కాల్చి వేసి, వెల్లుల్లి, నానిన చింతపండు, రవ్వంత బెల్లం కలిపి నూరి, వేడినీళ్ళతో జారుగా చేసి, చివర్న పచ్చి నూనె. ఉడికిన గోరుచిక్కుళ్ళ మీద అది పోస్తే పక్కింటి గాంధిమతి గిన్నె పట్టుకుని వచ్చింది. గాంధిమతి ఇంట్లో మూడు పూటలా తాలింపు మోగుతుంది. అయినా పొరుగింటి పుల్లకూర రుచి గదా.

"రాణీ, ఆ మీద పోసేది కొంజం ఉండాదా? మా ఇంటాయన అన్నంలోకి అదే కావాలంటా ఉండాడు."

దానికి వేరే పేరు లేదు. ఆ వీధిలో "మీద పోసేది" అంటే యువరాణి చేసేదే. పురట్టాసి నెలలో తొలివాన పడి చేల గట్ల మీద బుడమకాయలు వచ్చాయి. పుల్లగా, చిన్నగా, చిటికెలో పగిలే కాయలు. వాటిని చిదిమి ఆ పులుపుతోనే కొత్త రకం చేసింది. వీధంతా రుచి చూసి మెచ్చుకుంది. మెచ్చుకోవలసిన మనిషి మాత్రం ఒకరోజు మూడు ముద్దలు తింటే మర్నాడు మళ్ళీ రెండుకే వచ్చేది. ఇంతమంది నోటికి నచ్చేది చేసి, ఒక్క నోటిని గెలవలేకపోతున్నానని యువరాణికి లోపల కుతకుతగా ఉండేది. చలికాలం దగ్గరపడుతోంది. నర్సు మాట ఆమె తల వెనకాలే నిలబడి ఉంది.

దీపావళి వచ్చే అయిప్పసి నెలలో ఒక ఆదివారం మార్కెట్‌కు వెళ్ళింది. వాన వెలిసింది. విళాత్తికుళం వైపు నుంచి బస్సులో వచ్చిన ఒక ముసలమ్మ గోనె పట్టా మీద చిన్న కుప్ప పోసుకుని కూర్చుంది. చిటికెన వేలంత కాయలు, నిలువు గాడులతో, ఆకుపచ్చగా. కాసరకాయలు. అక్కడి తమిళులు అదలక్కాయ్ అంటారు. ఎవరూ విత్తనం వేయరు. నల్లరేగడిలో వాన పడ్డాక పత్తి, మిరప చేల మధ్య వాటంతట అవే పాకుతాయి. మెట్ట ఊళ్ళలో పుట్టినవాళ్ళకు ఆ కాయ కనిపిస్తే పుట్టిల్లు కనిపించినట్టే.

గోవిందమ్మాళ్ పుట్టింది విళాత్తికుళం పక్క పల్లెలోనే. ప్రతి ఏడూ ఈ కాయలొచ్చిన రోజు ఆవిడ వంటింట్లోకి కోడల్ని రానిచ్చేది కాదు. "టవునుదానికి ఇది తెలీదు, నువ్వు పో" అని తరిమి, తానే బాగుచేసి, తానే వండి కొడుక్కి పెట్టేది. కుమారవేల్ ఆ రోజు రెండుసార్లు అన్నం పెట్టించుకునేవాడు. యువరాణి తినడమే తప్ప ఏనాడూ చేత పట్టి చేసింది లేదు. అయినా కుప్ప చూడగానే గుండె ఎగిరింది. అత్త దీన్ని కాదనదు, దీన్ని కచ్చితంగా కాదనదు అనుకుంటూ సంచి నింపుకుంది.

"ఈ పొద్దే వండెయ్ తాయీ. రేపటికి పగిలిపోతాది" అని ముసలమ్మ వెనక నుంచి తమిళంలో కేకేసింది.

ఇంటికి వచ్చి చేటలో పోసింది. గోడవారగా కూర్చున్న గోవిందమ్మాళ్ చేట వైపు చూసింది. నెమ్మదిగా జరిగి వచ్చి ఒక కాయ తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"మా తట్టు కాయే" అంది.

"విళాత్తికుళం అమ్మ తెచ్చినాది అత్తా. ఇప్పుడే చేసేస్తాను, ఉండండి."

అత్త ఇంకేమీ అనలేదు గాని ఆ కాయను కింద పెట్టలేదు. అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. యువరాణి సగం కాయలు చేటలోనే ఉంచి, సగం తీసుకుని వంటింట్లోకి పరుగెత్తింది. వేపడానికి లేదు. సరే, ఎన్నో కూరలు గెలిచిన చెయ్యి ఇది, దీన్ని గెలవలేదా అనుకుంది. ఒక్కో కాయనూ నిలువునా చీల్చింది. గింజల దాకా ఉప్పు పట్టాలి గదా. పసుపు, ఉప్పు వేసి ఉడకబెట్టింది. తన దగ్గరున్న విద్యంతా ఆ రోజు రోట్లో పోసింది. పల్లీ నూక, చింతపండు, మామూలుకంటే ఎక్కువ బెల్లం, ఉల్లిపాయలు, చివర్న అన్న తెచ్చిన నూనె. చూడ్డానికి నిగనిగలాడుతూ ఎంత బాగుందో!

గోవిందమ్మాళ్ పిలవకుండానే వచ్చి పళ్ళెం ముందు కూర్చుంది. చావు తరవాత ఆవిడ తనంతట తానుగా వచ్చి కూర్చోవడం అదే మొదలు. యువరాణి గబగబా వడ్డించింది. అత్త ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది.

నమలడం ఆగిపోయింది. కళ్ళు మూసుకుని ఎలాగో మింగింది. రెండో ముద్ద లేదు. నీళ్ళు పళ్ళెంలోనే పోసి చెయ్యి కడిగేసుకుంది.  గోడ దగ్గరకు వెళ్ళి, చేట పక్కన ముఖం అటు తిప్పుకుని పడుకుంది.

యువరాణి ఒక కాయ నోట్లో వేసుకుంది. చేదు. వేపాకు నయం. చీల్చిన గింజల్లోని చేదంతా ఊరి, బెల్లాన్నీ పల్లీలనూ మింగేసి కూర్చుంది. ఇన్ని నెలలుగా రెండు ముద్దలైనా తినే మనిషి ఈ రోజు ఒక్కటితో లేచింది. ఆశపడి వచ్చి కూర్చున్న మనిషి. ఆ ఆశను నా చేతుల్తో నేనే చంపాను అనుకుంది యువరాణి. అన్న చెప్పిందే నిజం, నేను పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే. రంగరాజన్‌కు ఫోన్ చేసి వస్తానని చెప్పేస్తే పోతుంది. ఏడుపు ముంచుకొస్తుంటే అత్తకు కనపడకూడదని, ఖాళీ బిందెలు రెండు పట్టుకుని వీధి కుళాయి దగ్గరకు వెళ్ళిపోయింది.

కుళాయి సన్నగా వస్తోంది. గాంధిమతి ముందు నిలబడి ఉంది. యువరాణి ముఖం చూసి, తన బిందె పక్కకు జరిపి ముందు ఆమెను పట్టుకోనిచ్చింది. పొద్దు వాలుతోంది. ఫ్యాక్టరీల నుంచి మగవాళ్ళు ఒక్కొక్కరే వీధిలోకి తిరుగుతున్నారు. ఒక బిందె నిండింది, రెండోది సగమైంది. ఉన్నట్టుండి గాంధిమతి తల పైకెత్తింది.

"ఎవురింట్లో అది?"

చప్పుడు. కాగిన నూనెలో ఆవాలు చిటపట చిట్లి, వాటి మీద తడి కాయలు పడి సుయ్యిమన్న చప్పుడు. ఆ వీధిలో ఏ చప్పుడు ఏ ఇంటిదో అందరికీ తెలుసు. గాంధిమతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. యువరాణి నిండిన బిందె నడుముకు ఎత్తుకుంది. రెండోది కుళాయి కిందే వదిలేసి నడిచింది. పరుగెత్తితే ఆ చప్పుడు ఆగిపోతుందేమోనని భయమేసి, మెల్లగా నడిచింది.

ఇంటి మెట్టు దగ్గరకు వచ్చి ఆగింది. ఇల్లంతా వాసన. కాగిన నూనె, కరివేపాకు, వేగుతున్న ఉల్లిపాయ, వాటి కింద కాసరకాయ చేదు మెత్తబడి కమ్మగా మారుతున్న వాసన. తెరిచిన తలుపులోంచి చూస్తే అటక మీద చట్టి లేదు. చేటలో కాయలు లేవు. తొడిమలూ తోకలూ మాత్రం గిల్లి ఒక పక్కగా పోసి ఉన్నాయి. ఒక్క కాయ కూడా చీల్చలేదు. పొయ్యి దగ్గర గోవిందమ్మాళ్ వీపు కనిపిస్తోంది. మణికట్టు మీదికి జారుతున్న గాజుల్ని పైకి తోసుకుంటూ, అట్లకాడ తిప్పుతోంది. ఆవిడ భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోంది, అయినా చెయ్యి ఆపడం లేదు.

 కుమారవేల్ నిలబడే చోటే నిలబడి ఉన్నానని ఆమెకు అప్పటిదాకా తోచలేదు. ఆమె అడగాలని అడగలేదు. ఇన్నేళ్ళు రోజూ విన్న మాట, దానంతట అదే నోట్లోంచి వచ్చేసింది.

"ఏమత్తా, ఏంది తాలింపు?"

అట్లకాడ ఆగింది. చట్టిలో కాయలు వేగుతూనే ఉన్నాయి. గోవిందమ్మాళ్ వెనక్కి తిరగలేదు.  అడగకూడని మాట అడిగానేమో అనుకుంది యువరాణి. అప్పుడు ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"నీ తలకాయ తాలింపు" అంది. గొంతు బొంగురుపోయి ఉంది. "కాసరకాయను చీలుస్తారా ఎవురైనా, టవునుదానా? కాళ్ళు కడుక్కోని రా. ఇద్దరికీ పెట్టినాను, చల్లారిపోతాది."

యువరాణి బిందె దించింది. మెట్టు మీద కూర్చుని, కొత్తగా తెచ్చిన నీళ్ళతో కాళ్ళు కడుక్కుంది. మాసి నెలలో మొగుడు పోయినప్పటి నుంచి అత్త కోసం దాచుకున్న ఏడుపంతా అక్కడే ఏడ్చి, ముఖం కూడా కడుక్కుని, అన్నానికి లోపలికి వెళ్ళింది.